చెవి వెనక చెయ్యి

అంతోని బతుకుతెరువు రెండు ఇంగ్లీషు మాటల దగ్గర ఆగింది.

మాచర్ల అవతల రాతి క్వారీలో ఏళ్ల తరబడి సమ్మెట కొట్టి, మందుగుండు చప్పుళ్ల మధ్య బతికిన మనిషి. ఇప్పుడు భుజం పడిపోయింది. జెండా మనిషి పని దక్కకపోతే ఇంటికి పంపేస్తారు. కొత్త ఇంజనీరుకు తెలుగు రాదు, పరీక్ష ఇంగ్లీషులోనే. అదృష్టంకొద్దీ భార్య కృపామణి మిషన్ బడిలో పంతులమ్మ.

"దానంతట అది చెవిన పడితే హియర్. మనం చెవి పెట్టి వింటే లిజన్," అంటూ ఆమె చెవి వెనక అరచెయ్యి ఆనించి చూపింది.

అంతోని కూడా అలాగే పెట్టాడు. "అయితే నీ మాట లిజన్. మీ అమ్మ మాట హియర్."

"చాల్లేవయ్యా, సంబడం!"

నవ్వుతూ పొయ్యి వైపు తిరిగి ఇంకో ప్రశ్న అడిగింది. జవాబు రాలేదు.

"ఇటు తిరగవే. నీ మొహం చూస్తేగానీ నాకు ఇంగ్లీషు ఎక్కదు," అన్నాడు అంతోని.

కృపామణి సిగ్గుపడింది.

పరీక్షనాడు ఇంజనీరు అతన్ని ఎదురుగా నిలబెట్టి, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. అంతోని తడుముకోకుండా చెప్పాడు. పని వచ్చింది. పేల్చేముందు గట్టుమీద విజిల్ వేస్తారు. వినగానే ఎర్రజెండా ఊపి కూలీలను బయటికి పంపాలి. అందరికంటే చివర తను రావాలి.

మొదటిరోజు క్యారేజీ మరిచిపోయి వీధిలోకి దిగాడు.

"ఏమయ్యో! క్యారేజీ!"

తిరగలేదు. గొంతు చించుకుని అరిచింది. దడి పక్కనున్న ఆరోగ్యమ్మ తిరిగింది గానీ అంతోని తిరగలేదు. క్వారీ లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

"ఏందే, నీ మొగుడికి చెవుడా?" అంది ఆరోగ్యమ్మ నవ్వుతూ.

కృపామణి నవ్వలేదు. పొయ్యి దగ్గర రాని జవాబు, ఇటు తిరగమన్న మాట, తన పెదవుల మీద నుంచి కదలని అతని చూపు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. క్యారేజీ అక్కడే పడేసి బండిదారిన పరిగెత్తింది.

క్వారీ కనబడుతుండగా విజిల్ మోగింది. అది విని కూలీలు ఎదురొస్తున్నారు. వాళ్లలో అంతోనితో పనిచేసే కుర్రాణ్ణి ఆపింది.

"ఇస్మాయిలూ, మీ అన్నేడిరా?"

"లోపలే ఉన్నాడక్కా. చివర రావాలిగా, వస్తాడు."

కృపామణి గట్టు అంచుకు చేరింది. అడుగున అంతోని ఒక్కడే, జెండా చుట్టి పట్టుకుని, కూలీలు వెళ్లిన దారికి వీపు పెట్టి, విజిల్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. చివర రావాల్సిన మనిషి గనుక వాళ్లెవరికీ అనుమానం రాలేదు.

ఆమె రాయి విసిరింది. అది పక్కన పడేసరికి అతను తలెత్తాడు. భార్యను చూసి మొహం వెలిగింది.

"పరిగెత్తు!" పాఠం చెప్పినట్టే, నోరు బార్లా తెరిచి అరిచింది.

అంత దూరానికి ఆమె పెదవులు అతని కంటికి ఆనలేదు. అంతోని నవ్వుతూ చెవి వెనక అరచెయ్యి ఆనించాడు.

కొండ పేలింది.

బడి తెరిచాక పిల్లలంతా ఆమె నేర్పినట్టే లిజన్ అంటూ చెవి వెనక చేతులు పెట్టారు. కృపామణి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మాట్లాడకుండా, ఆ చేతులు కిందికి దించింది.