బావగారికి చెవులున్నాయా?

పాముల పార్కు గేటు పక్కన విచారణ కిటికీ ఒకటుంది. దాని వెనక పదకొండేళ్లుగా కూర్చుంటున్న ఆవిణ్ణి అందరూ జవాబులక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, దాన్ని చూసే పని ఎవరికీ పడలేదు.

ఆమె దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంది. అందులో జనం మాటిమాటికీ అడిగే ముప్పయ్యొక్క ప్రశ్నలు, వాటికి పార్కువారి జవాబులు అచ్చువేసి ఉన్నాయి. పాము పాలు తాగుతుందా? తాగదు. పగ పడుతుందా? పట్టదు, అంత జ్ఞాపకం దానికి లేదు. తలమీద మణి ఉంటుందా? ఉండదు. ఒళ్లు జిగటగా ఉంటుందా? ఉండదు, పొడిగా, చల్లగా ఉంటుంది. ఎక్కడ నివసిస్తుంది? తిండి, దాక్కునే చోటు, కాస్త వెచ్చదనం ఎక్కడుంటే అక్కడ. భూమిని మోస్తున్నది పామేనా అన్నది ముప్పయ్యో ప్రశ్న. 'ఇది పురాణ విషయం, పార్కుకు సంబంధం లేదు' అని దానికి జవాబు.

ఇవన్నీ జవాబులక్కకు కంఠతా వచ్చు. ఎదుటివాళ్లు నోరు తెరవగానే ఎన్నో నంబరు ప్రశ్నో పోల్చుకునేది. అయితే ఆమె ఒక్క పామునూ చూడలేదు. ఉద్యోగంలో చేరిన రోజున సూపరింటెండెంటు "లోపలికెళ్లి ఓసారి చూసి రామ్మా" అంటే, "తర్వాత చూస్తానండీ" అంది. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. పుస్తకం అట్టమీది నాగుపాము బొమ్మకు కూడా తెల్లకాగితం అతికించి పెట్టుకుంది.

ఇంట్లో మాత్రం ఆమె జవాబులు చెల్లవు. పాము పన్నెండేళ్లు పగ పడుతుందని అత్తగారి నమ్మకం. "పట్టదత్తయ్యా" అని చెప్పబోతే, "నువ్వు ఉద్యోగం కోసం చెప్తున్నావు, నేను ఊరికే చెప్తున్నాను. ఎవరిది నిజమవుతుంది?" అని ఆవిడ నోరు మూయించేది.

ఒక మంగళవారం ఉదయం మెడలో కొలత టేపుతో ఒక దర్జీ కిటికీ దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబుకు రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

"పాములకు చెవులుంటాయా అమ్మా?"

"ఉండవండీ" అంది జవాబులక్క. నాలుగో ప్రశ్న అది.

"ఉంటాయమ్మా. మా బావగారు పిలిస్తే వస్తాడు."

జవాబులక్క అతని వంక చూసింది. "బావగారి గురించి కాదండీ, పాముల గురించి చెప్తున్నాను."

"నేనూ పాము గురించే చెప్తున్నా. పోయినేడాది ఎలుకలు నా కొట్లో లైనింగు గుడ్డ తానులకు తానులు కొరికేస్తుంటే ఈ జెర్రిపోతు వచ్చింది. రెండ్రోజులుండి పోతుందిలే అనుకున్నాం. పోలేదు. దొరికింది తినడం, ఓ మూల చుట్టుకుని పడుకోవడం, ఎవరితోనూ మాటాపలుకూ లేదు. అచ్చం మా అక్కయ్య మొగుడి వరసే. అందుకే ఆ పేరు అలవాటైపోయింది."

"అది విషం లేని పామండీ, ఫరవాలేదు" అంది ఆమె అలవాటుగా. పన్నెండో ప్రశ్న.

"నాకు తెలుసమ్మా. చెవుల సంగతి తేల్చండి. మీ పుస్తకంలో తప్పుంది. దిద్దండి."

తప్పుందంటే దానికో కాగితం ఉంది. పదకొండేళ్లలో ఎవరూ అడగకపోవడంతో దాన్ని బీరువా అడుగునుంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చింది. దర్జీ నింపాడు. సూపరింటెండెంటు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. తన హయాంలో ఒక్క విచారణైనా జరగలేదన్న దిగులు చాలాకాలంగా ఉంది.

"ఉత్తరం రాయమ్మా. శుక్రవారం పదకొండింటికి హాజరు కావాలని."

"దర్జీగారికేనా సార్?"

"దర్జీతో మనకేం పని? చెవులున్నాయని ఎవరి మీద ఆరోపణ వచ్చిందో వాళ్లకు రాయాలి."

అలా ఉత్తరం బావగారి పేర, దర్జీ కొట్టు చిరునామాకు వెళ్లింది. స్వయంగా హాజరు కావలెననీ, వెంట గుర్తింపు తేవలెననీ అందులో ఉంది.

శుక్రవారం పదకొండుకు ఐదు నిమిషాల ముందే దర్జీ వచ్చాడు. చేతిలో లైనింగు వేసి కుట్టిన సంచి, మూతికి తాడు. గుర్తింపుగా పోయిన నెల విడిచిన కుబుసాన్ని కాగితంలో చుట్టి తెచ్చాడు. సూపరింటెండెంటు దాన్ని బల్లమీద పరిచి ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. "ఫొటో కంటే ఇదే నయం. నిలువెత్తున ఉంది" అని నమోదు చేయించాడు.

జవాబులక్క గుమ్మంలో, ఒక కాలు బయట పెట్టి నిలబడి రాసుకుంటోంది. సంచి తాడు విప్పగానే ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గదికి ఒక కొసన గోధుమరంగు జెర్రిపోతు, మరో కొసన గొంతు సవరించుకుంటూ దర్జీ ఉన్నారు.

"బావగారూ, ఇటు రండి" అన్నాడు దర్జీ.

పాము నాలుక ఆడించింది. కొంచెం తల ఎత్తింది. తర్వాత తిన్నగా గోడవారనున్న ఫైళ్ల అరలోకి దూరి, పాత సెలవు దరఖాస్తుల మధ్య మాయమైంది.

దర్జీ మళ్లీ పిలిచాడు. బతిమాలాడు. ఒకసారి కసిరాడు. సూపరింటెండెంటు కూడా విచారణాధికారి హోదాలో ముందుకు వంగి, "బావగారూ, ఒకసారి దయచేయండి" అన్నాడు. సొంత బావగారినైనా ఆయన అంత మర్యాదగా ఎప్పుడూ పిలిచి ఉండడు. అరలోంచి ఉలుకూ పలుకూ లేదు.

"పిలవగా రాలేదు. రాయమ్మా" అన్నాడు సూపరింటెండెంటు. వెంటనే తన కుర్చీకీ ఆ అరకూ మధ్య దూరం ఎంతో చూసుకుని లేచి నిలబడ్డాడు. "ముందు మన పాములాయన్ని పిలుచుకురా."

పార్కులో పాములు పట్టేవాడు నలభై అడుగుల దూరంలోనే షెడ్డులో కూర్చుని గ్లాసులో టీ తాగుతున్నాడు. జవాబులక్క సంగతి చెప్పింది.

"ఫిర్యాదు నంబరెంతక్కా?"

"నంబరేంటి, ఆఫీసులోనే ఉంది పాము."

"ఆఫీసులో పామెందుకుంటుంది? పార్కు పాములన్నీ లెక్కకు సరిపోయాయి, పొద్దున్నే చూశాను. బయటి పామైతే బయటినుంచి ఫోన్ రావాలి, కిటికీలో నంబరివ్వాలి. నంబరు లేకుండా పట్టి పోయినసారి మెమో తిన్నాను."

ఆమె రోడ్డు దాటి ఎదురుగా ఉన్న పుస్తకాల షాపుకు వెళ్లింది. వాళ్ల ఫోను తీసుకుని పార్కు విచారణ నంబరు తిప్పింది. రోడ్డుకు అటువైపు, కిటికీలో, తన ఖాళీ కుర్చీ పక్కన ఫోను మోగుతూ కనిపించింది. చాలాసేపు మోగింది.

"ఎవరూ ఎత్తడం లేదు" అంది.

"ఎత్తే మనిషి ఎటు పోయిందో" అన్నాడు షాపాయన సానుభూతిగా.

"ఇక్కడే ఉందండీ" అని ఫోను పెట్టేసి ఆమె వెనక్కి వచ్చింది.

దర్జీ ఆఫీసు మెట్లమీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "నామీద అలిగాడమ్మా. సంచిలో వేసి తేవడం నామోషీ అనిపించినట్టుంది."

జవాబులక్కకు అతణ్ణి చూస్తే జాలేసింది. పాము అలగదని చెప్పబోయి మానుకుంది. "కొట్లో మీరు పిలిచేటప్పుడు ఏం చేస్తుంటారండీ?"

"ఏం చేస్తాను? కుడుతుంటాను. తొక్కుతూనే పిలుస్తాను, నా కాళ్లదగ్గరికి వచ్చి పడుకుంటాడు."

నాలుగో ప్రశ్న జవాబుకు రెండో వాక్యం ఒకటుంది. మొదటి ముక్క వినగానే జనం వెళ్లిపోతారు కాబట్టి ఆమె దాన్ని ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. బయటికి చెవులు కనిపించకపోయినా, నేల అదిరితే ఆ అదురు దవడ ఎముకల ద్వారా పాముకు తెలుస్తుందని అందులో ఉంది.

"దర్జీగారూ," అంది జవాబులక్క, "మీ మిషను ఇక్కడికి తేవచ్చా?"

తోపుడుబండి మీద మిషను వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇనపకాళ్ల పాత మిషను. నలుగురు పట్టుకుని సూపరింటెండెంటు గది మధ్యలో దించారు. దర్జీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆగండి" అన్నాడు సూపరింటెండెంటు. "కుట్టడానికేమీ లేకుండా ఆఫీసులో మిషను ఊరికే తిరిగితే రేపు అడిగినవాళ్లకు ఏం జవాబు చెప్పను?"

అందరూ గది కలియజూశారు. చివరికి అందరి చూపూ సూపరింటెండెంటు ప్యాంటు మీద ఆగింది. ఎడమకాలి అంచు ఊడి మూడు వారాలుగా వేలాడుతోంది. ఆయన కాసేపు ఆలోచించి, కిటికీ పరదా వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి ప్యాంటు అందించాడు. పరదాను చుట్టూ బిగించుకుని, "ఇక కానివ్వండి. అమ్మా, టైము రాసుకో" అన్నాడు లోపలినుంచి.

దర్జీ తొక్కడం మొదలుపెట్టాడు. గచ్చు సన్నగా అదిరింది. బల్లమీద సిరాబుడ్డి వణికింది. అతను ఈసారి పిలవలేదు, పిలిచే ధైర్యం లేనట్టు తల వంచుకుని కుడుతున్నాడు.

సెలవు దరఖాస్తుల మధ్యనుంచి ఒక తల బయటికొచ్చింది. తర్వాత మెడ, ఆ తర్వాత తక్కినదంతా, తొందరలేకుండా, కిందికి జారింది. గచ్చు మీదుగా వంకరలు తిరుగుతూ వచ్చి మిషను పెడలు పక్కన చుట్టుకుంది.

"అమ్మా," అన్నాడు దర్జీ తల ఎత్తకుండా, "నేను కాలు ఆపితే మళ్లీ పోతాడు. మీరే తియ్యాలి."

"నేనా?"

"నడుము దగ్గర ఒక చెయ్యి, కిందొక చెయ్యి. పసిపిల్లను తీసినట్టు. గట్టిగా పట్టకండి."

జవాబులక్క పరదా వైపు చూసింది. పరదా కదల్లేదు. పాములాయన గుమ్మంలోంచి చూస్తున్నాడు గానీ అతనికి నంబరు లేదు. దర్జీ ప్యాంటు అంచు చివరికి వచ్చేసి, చేసేదిలేక రెండోకాలి అంచు కూడా మొదలుపెట్టాడు. అదీ అయిపోతే ఇక కుట్టడానికేమీ ఉండదు. ఆమె గుమ్మం వదిలి లోపలికి నడిచింది. వంగి, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తింది.

అనుకున్నదానికంటే బరువుగా ఉంది. నెమ్మదిగా ఆమె మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుంది.

"పొడిగా ఉందండీ" అంది జవాబులక్క.

"సంచిలో వెయ్యండమ్మా."

"పొడిగానే ఉంది. చల్లగా ఉంది. నిజమే." పదకొండేళ్లలో కొన్ని వేలమందికి ఈ మాట చెప్పింది ఆమె. అందులో ఒక్కరైనా నమ్మారో లేదో గానీ, తాను మాత్రం నమ్మలేదని ఇప్పుడే తెలిసింది. సంచి తెరిచి ఉన్నా కొంతసేపు అలాగే నిలబడిపోయింది.

ప్యాంటు తొడుక్కుని పరదాలోంచి వచ్చిన సూపరింటెండెంటు విచారణ ముగించడానికి కూర్చున్నాడు. దర్జీ తానే ముందుగా ఒప్పుకున్నాడు. "పిలిస్తే రాలేదుగా సార్. తప్పు నాదే. కొట్టేయండి."

"మీ గొంతు దానికి తెలియలేదేమో," అంది జవాబులక్క, "మీ కాలు తెలిసింది."

దర్జీ సంచి వంక చూస్తూ ఆలోచించాడు. "అయితే అమ్మా, నేనంటే వాడికి తెలుసన్నట్టా? లేక ఎవరు తొక్కినా వచ్చేస్తాడా?"

ఆమె మనసులో ముప్పయ్యొక్క జవాబులూ వరసగా తిరగేసింది. "తెలియదండీ" అంది.

సూపరింటెండెంటు కలం కింద పెట్టాడు. "అలా అనకూడదమ్మా. ఇది విచారణ ఆఫీసు."

"నిజంగానే తెలియదు సార్. చూడాలి."

ఆదివారం ఆమె దర్జీ కొట్టుకు వెళ్లింది. ఎక్కడికని అత్తగారు అడిగితే పాము దగ్గరికని చెప్పింది. ఆవిడ అదేదో వేళాకోళం అనుకుంది. కొట్టు ఇరుకుగా ఉంది. రెండుపక్కలా గుడ్డ తానులు, తగిలించిన కోట్లు. బావగారు బీరువా కింద చుట్టుకుని ఉన్నాడు. దర్జీ స్టూలు ఖాళీ చేసి, గుమ్మం అవతల నిలబడ్డాడు.

జవాబులక్క ఎప్పుడూ మిషను తొక్కలేదు. చక్రం ముందుకు పోవలసింది వెనక్కి పోయింది, దారం తెగింది. పట్టు వదలకుండా పావుగంట తొక్కింది. బావగారు తల ఎత్తి నాలుక రెండుసార్లు ఆడించాడు. ఆమె వైపే చూస్తున్నట్టుంది. తర్వాత తల దించి చుట్టమీద పెట్టేసుకున్నాడు.

గుమ్మంలో దర్జీ అటు తిరిగి నిలబడ్డాడు. మొహం కనిపించలేదు గానీ చెవులదాకా పాకిన నవ్వు వెనకనుంచే తెలుస్తోంది.

"కొత్త కదమ్మా మీరు," అన్నాడు కాసేపటికి, ఓదారుస్తున్నట్టు, "ఏమీ అనుకోకండి."

"ఒక్కసారి చూస్తే తేలదండీ," అంది జవాబులక్క కాళ్లు రుద్దుకుంటూ, "ఇంకో నలుగురి చేత తొక్కించాలి. మీ అక్కయ్యగారి మొగుడు ఖాళీయేనా?"