వైరు ఎవరు మార్చారు

కూతురూ అల్లుడూ వచ్చి చేరినప్పటి నుంచే ఫైళ్లు నత్తనడక నడుస్తున్నాయని ఎడిటరమ్మ నమ్మకం.

ఆవిడ ఇంట్లోనే వీడియోలు ఎడిట్ చేస్తుంది. కంప్యూటరు మేడ మీద, ఫైళ్లు దాచే స్టోరేజ్ పెట్టె కింద హాల్లో, అల్మారా మీద. ఇదివరకు వీడియో ఒకటి కిందికి పంపి, టీ తాగి వచ్చేసరికి పని అయిపోయేది. ఇప్పుడు వంటయి, భోజనాలయి, గిన్నెలు తోమడం అయినా సగం దాటడం లేదు.

"తలుపేసుకుని నెట్‌లోంచి ఏం లాగుతున్నాడే మీ ఆయన?" అని కూతుర్ని అడిగింది.

"ఏమో, సినిమాలు చూస్తాడేమో" అంది కూతురు, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆ మాటతో ఎడిటరమ్మ అనుమానానికి కాళ్లొచ్చాయి. మర్నాడు ఇద్దరూ ఆఫీసులకు వెళ్లాక తనది తప్ప ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నీ ఆపేసి, మళ్లీ ఫైలు పంపి చూసింది. అదే నడక. తన ల్యాప్‌టాప్ ఒకటి కిందికి తెచ్చి, తన దగ్గరున్న జానెడు వైరుతో నేరుగా పెట్టెకు తగిలించింది. ఫైలు రివ్వున వెళ్లిపోయింది. అంటే పెట్టె మంచిదే.

రూటరు నుంచి అల్మారా మీదికి పోయే వైరును చేత్తో తడుముకుంటూ వెళ్లింది. తను కొన్నది నీలం రంగుది. ఇదేమో బూడిద రంగుది, ఒక చోట నలిగిపోయి, లోపలి తీగలు తెగి బయటికొచ్చాయి. తీగలు కొన్ని తెగితే వైరు పనిచేస్తుంది గానీ వేగం పదో వంతుకు పడిపోతుంది.

నీలం వైరు అల్లుడి గదిలో, మంచం కింద నుంచి పోతూ కనబడింది. దొంగ దొరికాడనుకుంది.

సాయంత్రం అన్నం పెడుతూనే అడిగింది. "హాల్లో వైరు మీరేనా తీసింది, బాబూ?"

అతను భార్య వైపు ఒకసారి చూశాడు. "రేపు కొత్తది తెస్తాను, అత్తయ్యా" అన్నాడు. కూతురు నోట్లో ముద్ద నములుతూనే ఉంది.

ఆ చూపు ఎడిటరమ్మకు నచ్చలేదు. లేచి వాళ్ల గదిలోకి వెళ్లి, వంగి, నీలం వైరు పట్టుకుని చివరిదాకా పోయింది. అది కూతురి కంప్యూటరులో ఉంది. అల్లుడి కంప్యూటరుకు అసలు వైరే లేదు.

తిరిగొచ్చి కూతుర్ని అడిగింది. "నీలం వైరు నీ కంప్యూటరుకుంది, ఏమిటే ఇది?"

"రాత్రిళ్లు ఆఫీసు మీటింగుల్లో నా మాట మధ్యమధ్యలో ఆగిపోతోందమ్మా. నీకు ఆ పాతది చాల్లే అనుకున్నా."

"మరి మీ ఆయన సినిమాలు?"

కూతురు మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

ఎడిటరమ్మ అల్లుడి వైపు తిరిగింది. "మీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నమ్మేవారా, అత్తయ్యా?" అని నెమ్మదిగా అడిగాడు.

తప్పయిందన్న మాట ఎడిటరమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అతని కంచంలో ఇంకాస్త కూర వేసింది.

అన్న మాట ప్రకారం అల్లుడు కొత్త వైరు తెచ్చాడు. ఫైళ్లు మునుపటిలా పరుగెత్తాయి. ఆ వారంలోనే ఒక రోజు కూతురు వంటింట్లోంచి, "పాలు కాచేశానమ్మా" అంది.

ఎడిటరమ్మ సరేనంది. రెండు నిమిషాలాగి, లేచి వెళ్లి గిన్నె మూత తీసి చూసింది.