రెండు కాళ్ల కుర్చీ

నేను ఒక కుర్చీని. కాళ్లు మాత్రం రెండే, అవీ వెనకవైపే. వాటి అడుగున రెండు పొడవాటి చెక్క పట్టీలు ముందుకు సాగి నేలను పట్టుకుంటాయి. కూర్చునే పలక ముందుకు, గాల్లోకి చాచుకుని ఉంటుంది. నన్ను కాగితం మీద గీసింది జపాన్‌లో చదువుకొచ్చిన ఒక ఆర్కిటెక్టు. ఆ దేశపు వడ్రంగుల పద్ధతిలో, ఒక్క మేకు లేకుండా, టేకును టేకులోనే బిగించి నన్ను నిలబెట్టినవాడు నర్సీపట్నం ముత్యాలాచారి.

తోటి వడ్రంగులు నవ్వారు. "మనిసి కూకుంటే బోర్లా పడిపోతాది మావా," అన్నారు. ఆచారి ఇసుక బస్తా పెట్టి చూశాడు, నిలిచాను. కానీ బస్తా కదలదు, మనిషి కుదురుగా ఉండడు. తానే కూర్చుని చూసుకోవచ్చుగా అంటారా? కొన్నవాళ్లు కూర్చోకుండా చేసినవాడు కూర్చోకూడదని వాళ్లింట్లో పట్టింపు. ఆ అనుమానంతోనే నన్ను బండెక్కించాడు.

కొన్నది విశాఖపట్నంలో ఒక మ్యూజియం. నా చుట్టూ తాడు కట్టి, 'ముట్టుకోరాదు' అని రాసిపెట్టారు. జనం వస్తారు, "అబ్బ, ఎంత బాగుందో!" అంటారు, ఫోటో తీసుకుని పోతారు. పదకొండేళ్లు ఇదే వరస. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా ఉండొచ్చని అడవిలో టేకు చెట్టుగా ఉన్నప్పుడు నాకు తెలియదు.

నా కాపలా మనిషి సన్యాసమ్మ. పొద్దస్తమానం నిలబడే ఉండాలి, కూర్చుంటే ఉద్యోగానికే ఎసరు. మోకాళ్లు లాగేస్తుంటే గోడకి ఆనుకునేది, పక్కన కుర్చీ పెట్టుకుని!

మొన్న శ్రావణంలో ఆచారి వచ్చాడు. చూపు బాగా మందగించింది. తానెవరో చెప్పుకుని, "ఇప్పటికి ఎవులైనా కూకున్నారా అమ్మా?" అని అడిగాడు.

"నేదు తాతా. ముట్టుకోనివ్వరు."

"అయితే నిలుస్తాదో నేదో తెలీకుండానే పోతాను కావాల."

"నువ్వే కూకో. నాను సూడనట్టుంటాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కొన్నోలు కూకోనిదే నాను కూకోకూడదమ్మా."

సన్యాసమ్మ పైనున్న కెమెరా వైపు ఒకసారి చూసింది. "నానూ ఈ మ్యూజియం మనిసినే కదేటి," అంటూ తాడు కిందనుంచి దూరి, మెల్లగా నా మీద కూర్చుంది.

పలక వంగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడో కిర్రుమంది, తర్వాత కుదురుకున్నాను. ఆవిడ కాళ్లు చాపి, అటూ ఇటూ ఊగి కూడా చూసింది. ఆచారి నేల మీద చతికిలబడి, నా కాలికి చెవి ఆనించి విన్నాడు. "పట్టీసింది," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

ఇక ఆయన వంతు. అంతలోనే మెట్ల మీద ఆఫీసరు అడుగులు వినిపించాయి.

కూర్చోకుండానే వెళ్లిపోయిన ఆచారి మళ్లీ రాలేదు. సన్యాసమ్మను శిక్షగా గేటు దగ్గరికి మార్చారు. అక్కడ ఆవిడకో ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. ఎర్రది, ఒక కాలు వంకర. మా కిటికీలోంచి కనబడుతుంది. రోజంతా ఆవిడ దాని మీదే కూర్చుంటుంది.

దాన్ని చూస్తే నాకు అసూయ.