మోతలో మాట

మరమగ్గాల షెడ్డు మూసేసే వారం యజమానికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నగరం నడిబొడ్డున ఉన్న అంతస్తుల బారులో పనివాళ్లందరికీ విందన్నాడు. కింద కుర్చీలూ బల్లలూ, మధ్య అంతస్తులో డాన్సు, పైన ఆరుబయట డాబా. ఇన్నాళ్లూ టీ నీళ్లకి ముఖం చిట్లించిన మనిషి ఇలా పిలిచాడంటే, కోసే ముందు మేకకి దండ వేసినట్టుందని నవ్వుకుంటూనే, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని అందరూ వచ్చారు.

మేస్త్రీ, అతని భార్య కూడా వచ్చారు. మొరాయించిన మగ్గాన్ని బాగుచేసి ఆడించడం మేస్త్రీ పని. ఆమెది నేత. షెడ్డులో అందరూ ఆమెను కండె అంటారు. నూలు చుట్టిన కండెలాగే సన్నగా ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం మాత్రం కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

కారణం డాబా మీద ఉంది. వేరే ఊళ్లో కొత్త షెడ్డు పెడుతున్న మేనేజరు కూడా విందుకొచ్చాడు. కొత్తగా చేరేవాళ్లకి నేత నేర్పే పని కండెకి ఇస్తానని ముందే కబురు పెట్టాడు. ఈ విందు నుంచి తను వెళ్లిపోయేలోగా వస్తానో రానో చెప్పమన్నాడు. మేస్త్రీకి మాత్రం అక్కడ పని లేదు. అవి కొత్తరకం మగ్గాలు, అతని చేతులు ఎరిగినవి పాతవి.

ఆ కబురు విన్న రోజు మేస్త్రీ ఒక్కమాట అన్నాడు. "నువ్వు పోవే. నేనొచ్చి నీ టిఫిన్ డబ్బా మొయ్యాలా?" అప్పట్నుంచీ ఆ ఇంట్లో "తింటారా", "ఊ" తప్ప వేరే మాట లేదు.

కండె చెల్లెలిదీ అదే షెడ్డు. ఇద్దరికీ ఎదురుగా కూర్చుని చూసి చూసి అంది.

"ఏం బావా, బారుకొచ్చారా, పరామర్శకొచ్చారా? మీ మొహాలు చూస్తే ఎవరో పోయినట్టుంది."

"అన్నీ పోయాయి గానీ నీ నోరొక్కటీ పోలేదే మరదలా. అదే నా దిగులు."

"నా నోరూ పోతే మీ ఇద్దరికీ రాయబారం ఎవరు నడుపుతారు? లేవండి, పైకి పోదాం."

డాబా మీద గాలి బాగుంది. పాట ఎక్కడో సన్నగా వినిపిస్తోంది. చెంచా గ్లాసుకి తగిలినా నాలుగు బల్లల అవతలికి తెలుస్తుంది. మూల కూర్చున్న మేనేజరు కండెను చూసి తలూపాడు. మేస్త్రీ చూడనట్టు నగరం వైపు తిరిగాడు.

"చలిగా ఉంది," అన్నాడు.

"శాలువా తేవాల్సింది," అంది కండె.

అంతే. పిట్టగోడ పట్టుకుని ఇద్దరూ కింద పోయే కార్ల దీపాలు చూస్తూ నిలబడ్డారు, తప్పిపోయిన గొడ్డు కోసం వెతుకుతున్నట్టు.

మరదలికి విసుగొచ్చింది. "మీకంటే ఈ గోడ నయం, తడితే చప్పుడైనా చేస్తుంది," అని అక్క చెయ్యి పట్టుకుని మధ్య అంతస్తుకి లాక్కుపోయింది. మేస్త్రీ వెనకే దిగాడు.

తలుపు తియ్యగానే మోత వచ్చి గుండె మీద గుద్దింది. లోపల కుర్రకారు ఒకరి చెవిలో ఒకరు గొంతు చించుకుంటున్నారు. "ఏంటీ? ఏంటీ?" అనడమే తప్ప ఒకరి మాట ఒకరికి అందడం లేదు. షెడ్డువాళ్లకి మాత్రం పుట్టింటికొచ్చినట్టయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడే చోట గొంతుకి పనేముంటుంది? పెదవులు కదిపితే చాలు, అవతలివాళ్లు చదువుకుంటారు. డాన్సు చేసేవాళ్ల తలల మీదుగా, ఈ మూల నుంచి ఆ మూలకి, షెడ్డు ఆడవాళ్లు యజమాని పొట్ట మీద చప్పుడు లేని జోకులు విసురుకుని పడీపడీ నవ్వుతున్నారు.

మేస్త్రీ, కండె అలా కలిసిన జంటే. నాలుగు మగ్గాల అవతల నుంచి అతను పెదవులతో "నన్ను చేసుకుంటావా" అని అడిగితే, ఆమె తెగిన పోగు ముడేస్తూనే "చూద్దాం" అంది. తర్వాత కూతురి చదువు, అత్తగారి వైద్యం, పెద్ద సంగతులన్నీ ఆ మోతలోనే తేల్చుకున్నారు. ఇంటికొచ్చి నోరు విప్పితే పోట్లాటే. గొంతులో విసురు ఉంటుంది. పెదవులకి అది చేతకాదు.

మేస్త్రీ గోడకి ఆనుకున్నాడు. అవతల చెల్లెలు కండె రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పుతోంది. తిరుగుతూ తిరుగుతూ ఆమె కళ్లు అతని మీద ఆగాయి. పెదవులు కదిలాయి.

"భయంగా ఉంది."

అతను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "దేనికి?"

ఆమె ఏదో మొదలుపెట్టింది. ఇంతలో చెల్లెలు మరో చుట్టు తిప్పింది. మొహం మళ్లీ ఇటు వచ్చేసరికి అతనికి చివరి రెండు మాటలే దొరికాయి.

"బీరు కావాలి."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి బీరు మూత కూడా ముట్టుకోలేదు.  పోవడానికే తేల్చుకుంది, మొహాన చెప్పడానికి ధైర్యం చాలక అడుగుతోంది అనుకున్నాడు మేస్త్రీ. ఎంతైనా అడిగింది పెళ్లాం. కౌంటరు దగ్గర జనాన్ని తోసుకుని, నురుగు కక్కుతున్న గ్లాసొకటి సంపాదించి, సగం చొక్కాకి తాగించి, మిగతాది తెచ్చి ఆమె ముందు పట్టాడు.

కండె గ్లాసును చూసింది. మొగుణ్ణి చూసింది. "ఎవరికిది?"

"నువ్వేగా అడిగావు."

చెల్లెలికి ముందు వెలిగింది. పొట్ట పట్టుకుని వంగిపోయి, లేచి, అతని చెవిలో కేక పెట్టింది. "మీరు అంది బావా! బీరు కాదు, మీరు!"

పెదవుల మీద 'మ' అన్నా 'బ' అన్నా ఒకేలా ఉంటుంది. షెడ్డులో 'మ' అయితే ముక్కు మీద వేలు పెట్టి చూపిస్తారు. ఇందాక ఆ వేలు చెల్లెలి పిడికిట్లో ఇరుక్కుంది. అయినా షెడ్డులో బీరు ఊసే ఉండదు గనుక, వేలు పెట్టినా పెట్టకపోయినా ఎవరూ ఎప్పుడూ 'మీరు'ను తప్పు చదవలేదు. ఇదేమో బారాయె.

కండె గ్లాసును చెల్లెలికి అంటగట్టింది. ముక్కు మీద వేలు పెట్టి, పసిపిల్లకి అక్షరం దిద్దించినట్టు నిదానంగా కదిపింది. "మీరు. కావాలి."

రంగుల దీపాలు అతని మొహం మీద ఎర్రగా పడ్డాయి, నీలంగా పడ్డాయి. అప్పుడు పెదవులు కదిలాయి.

"నేనక్కడ ఎందుకు పనికొస్తాను?"

"తెలీదు. అక్కడి మగ్గాలు ఇంత మోత మొయ్యవట. ఇలా మాట్లాడుకోడానికి కుదరదు. గొంతుతో మాట్లాడుకోవడం మనకి రాదాయె. ఒక్కదాన్నే ఎవరితో నేర్చుకోను?"

 టిఫిన్ డబ్బా మాట ఆమె ఎత్తుతుందేమోనని మేస్త్రీ చూశాడు. ఎత్తలేదు. ఎత్తి ఉంటే కోపం తెచ్చుకుని బయటపడేవాడు.

అంతలో మేనేజరు పైనుంచి దిగి తలుపు దగ్గర ఆగాడు. ఏమంటావన్నట్టు కండె వైపు గడ్డం ఎగరేశాడు. ఆమె మొగుడి మొహమే చూస్తోంది.

మేస్త్రీ తనే నడిచివెళ్లి మేనేజరు పక్కన నిలబడ్డాడు. "ఆవిడ వస్తుంది. వెంట నేనూ వస్తున్నాను," అన్నాడు.

"ఏంటీ?"

పెదవులు చదవడం రాని మనిషి. గొంతెత్తక తప్పదు. "మా ఆవిడ వెంట నేనూ వస్తున్నా!"

గోడ దగ్గరున్న కుర్రాళ్లు తిరిగి చూశారు. మేస్త్రీ చెవులు కాలిపోయాయి. మేనేజరు చెవికి చెయ్యి అడ్డం పెట్టి మరింత వంగాడు.

"పనిచ్చినా ఇవ్వకపోయినా సరే! మా ఆవిడతో వస్తున్నా!"

ఈసారి అది చెప్పడం కొంచెం తేలికైంది. మేనేజరు నవ్వి, అతని భుజం తట్టి, కిందికి దిగిపోయాడు.

కండె దూరం నుంచి మొదటిసారికే చదివేసింది. తర్వాతి రెండుసార్లూ ఊరికే చూస్తూ నిలబడింది.