అద్దం మీది కరెంటు

హరికిరణ్ మానిటర్ పాడైన పొద్దున దాలమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ముందుగదిలోంచి టిక్ టిక్ టిక్ మని ఏదో చప్పుడు వచ్చింది. ఆ వెనకే గోడకేసి తల కొట్టుకుంటున్న చప్పుడు. కత్తిపీట అలాగే వదిలేసి పరిగెత్తింది.

ఇరవయ్యారేళ్ల కొడుకు. పుట్టిన దగ్గర్నుంచీ మాట లేదు. మనిషి చెయ్యి తగిలితే ఒళ్లు బిగించుకుంటాడు. హిందీవాళ్ల ఊళ్లో, ఆ బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లో వాడికి నచ్చిన వస్తువు ఒక్కటే, కిటికీ పక్కన బల్ల మీదున్న ఆ పాతకాలపు లావుపాటి మానిటర్. ఎవరో ఆఫీసులో తీసిపారేస్తుంటే తండ్రి సీతారాం మోసుకొచ్చాడు. దానికి తగిలించిన కంప్యూటర్లో ఓ బంతాట ఉంది గానీ హరికిరణ్ ఎప్పుడూ ఆడలేదు. తెర వెలగగానే ముంజేతిని అద్దానికి దగ్గరగా తీసుకెళతాడు. చేతి మీది వెంట్రుకలన్నీ లేచి నిలబడతాయి. చిటపటలాడుతుంది. అప్పుడు చెంప ఆనిస్తాడు. ఒంట్లో బిగువంతా జారిపోతుంది. అన్నం పెట్టాలన్నా, గోళ్లు తియ్యాలన్నా, తల దువ్వాలన్నా దాలమ్మకి ఆ కాసేపే దొరికేది.

సీతారాం రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. డ్యూటీ దిగి వస్తూ తెలిసినవాళ్లింటి నుంచి పల్చటి కొత్త మానిటర్ తెచ్చి పెట్టాడు. హరికిరణ్ చెయ్యి ఆనించాడు. చెంప ఆనించాడు. మళ్లీ చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత గొంతు చించుకుని అరుస్తూ దాన్ని బల్ల మీంచి తోసేశాడు.

"కొత్తవోటికి ఆ కరెంటుండదే," అన్నాడు సీతారాం, పగిలిన ముక్కలు ఏరుతూ.

ఆ తర్వాత వాడు తిండి మానేశాడు. నుదురు వాచి కన్ను మూసుకుపోయింది. డాక్టరిచ్చిన మాత్ర వేస్తే కాసేపు పడుకునేవాడు, లేస్తే మళ్లీ గోడే. పక్క క్వార్టరు వాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత తలుపులేసుకున్నారు.

"దాలీ, ఇంక మనవల్ల అవదే," అన్నాడు సీతారాం. "రాంచీ తీసికెల్లిపోదుం."

ఆ గొంతుతో రాంచీ అంటే ఊరు కాదు, అక్కడి పిచ్చాసుపత్రి. దాలమ్మ కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నాను బతికుండగా ఒగ్గను."

"మరేటి సేత్తావు? బుర్ర పగిలి సచ్చిపోతే సూత్తా కూకుంతావా?"

ఆమె చెప్పులేసుకుని బయటికి నడిచింది.

సాక్చీ బజార్లో కంప్యూటర్ కొట్టు కనపడితే చాలు, పాత మానిటర్ బాగుచేస్తారా అంటూ మెట్లెక్కింది. ఒకడు నవ్వాడు. "ఆంటీ, వో సబ్ తో కబాడ్ మే గయా," అన్నాడు, అవన్నీ ఎప్పుడో పాత సామాన్లలోకి పోయాయని. ఇంకొకడు వినకుండానే చెయ్యూపేశాడు. ఆఖరికి ఓ పెద్దాయన జాలిపడి, మీ తెలుగతనే ఒకడు ఇదివరకు బాగుచేసేవాడని కద్మాలో పైడిబాబు కొట్టుకి దారి చెప్పాడు.

కొట్టు నిండా ఇన్వర్టర్లూ బ్యాటరీలూ. నలభై దాటిన పైడిబాబు తల కూడా ఎత్తలేదు.

"ఆ పని ఒగ్గీసి శానా ఏల్లయినాదప్పా. సామాను దొరకదు. ఊరికే ఆశెట్టనేను."

"ఆశెట్టొద్దు తమ్ముడా. ఒక్కసారొచ్చి మా గుంటడ్ని సూడు. సూసినాక అవదంటే ఎల్లిపో."

అతను స్కూటర్ తీశాడు. క్వార్టర్ల వీధిలోకి తిరగ్గానే ఆ చప్పుడు వినిపించింది. ధడ్. ధడ్. పైడిబాబు ఇంజను ఆపి ఒక్క క్షణం అలాగే కూర్చున్నాడు. లోపలికొచ్చి గోడ మీది రక్తం మరక చూశాడు. ఇంకేమీ అడగకుండా సంచీ విప్పాడు.

మానిటర్ వెనక డొప్ప తీసి ఆమెను వెనక్కి జరగమన్నాడు. "ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాక్కునుంటాదప్పా. మనిషిని ఇసిరికొడతాది." స్క్రూడ్రైవరుకి వైరు కట్టి, పిక్చర్ ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి దూర్చాడు. ఏ చప్పుడూ రాలేదు. "సుక్క కూడా నేదు," అన్నాడు. మీటరు పెట్టి ఒక్కో భాగం చూసుకుంటూ పోయి, కాలిపోయిన ట్రాన్సిస్టర్‌ని పట్టుకున్నాడు. అలాంటిది ఒకటి అతని డబ్బాలో అడుగున దొరికింది.

అది అతికించాక కరెంటు నేరుగా ఇవ్వలేదు. మధ్యలో ఓ బల్బు తగిలించాడు. "ఎలిగి తగ్గిపోతే మన అదృష్టం. అలగే ఎలుగుతా ఉంటే లోపల ఇంకా షార్టున్నట్టే."

బల్బు భగ్గుమంది. దాలమ్మ వంగి చూసింది. తగ్గలేదు. అలాగే వెలుగుతూ ఉంది.

పైడిబాబు స్విచ్చాపి, పిడికిలంత నల్లటి దిమ్మను వేలితో తట్టాడు. "ఈహెచ్‌టీ పోనాది. అద్దం మీదికి కరెంటు పంపేది ఇదే. ఇలాటిదింకోటి కావాల. ఎవుడూ సెయ్యడిప్పుడు."

"పాత సామాన్లలో ఎతుకుదుం పద."

స్టేషను అవతల పాతసామాన్ల సందులో పాత మానిటర్లు గుట్టగా పడున్నాయి. ట్యూబుల మెడలన్నీ విరగ్గొట్టి రాగి తీగ ఒలిచేశారు. గాజు పెంకుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరూ వెతికారు. ఒకదాంట్లో దిమ్మ పగిలిపోయింది, ఒకదాంట్లో అసలు లేదు, ఇంకోదాని నంబరు కలవలేదు. దాలమ్మ వేళ్లు తెగి రక్తం కారుతున్నా తుడుచుకోలేదు. మధ్యాహ్నం ఎండ నడినెత్తి మీదుంది. గుట్ట అడుగు నుంచి లాగిన దాన్ని పైడిబాబు అటూ ఇటూ తిప్పి, దిమ్మ కింద పొడుచుకొచ్చిన లోహపు కాళ్లు చూశాడు.

"ఇంచుమించు కలిసినాది. ఒక్క కాలు తేడా. వైరేసి కలపాల. నమ్మకం మాత్రం నేదప్పా."

వాళ్లు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు రాంచీ జీపు ఆగి ఉంది. గుమ్మంలో బట్టల సంచీ. లోపల హరికిరణ్ రెండు చేతులూ తువ్వాలుతో మంచం కోడుకి కట్టేసి ఉన్నాయి.

"ఏటి సేసినావు!" అని అరిచింది దాలమ్మ.

సీతారాం తల ఎత్తలేదు. "కల్లు పొడుసుకోబోనాడే. నానేటి సెయ్యాల?"

"కొంచెం ఆగండి బావా," అన్నాడు పైడిబాబు, సోల్డరింగ్ ఐరన్ అప్పటికే వేడిచేస్తూ. జీపు డ్రైవరు బయట హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. పొగ లేచింది, కరిగిన సీసం వాసన గదంతా నిండింది. పైడిబాబు చొక్కా చేతితో మొహం తుడుచుకుని స్విచ్ నొక్కాడు.

బల్బు భగ్గుమంది. మెల్లగా తగ్గింది. బల్ల పక్కనే నిలబడ్డ దాలమ్మ ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి.

తెర మీద మాత్రం బొమ్మ లేదు. నల్లటి అద్దానికి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరికి, ఒకటే తెల్లటి గీత.

పైడిబాబు నుదురు పట్టుకున్నాడు. "ఓడిపోనానప్పా. బొమ్మని పైకీ కిందకీ పరిసే ఐసీ కూడా పోనాది. అదింకెక్కడా దొరకదు." స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

దాలమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. "ఆపకు. వాడికి బొమ్మతో పనేటి?"

"ఈ గీత ఇలగే ఉంటే అద్దం మాడిపోతాది."

"మాడనీ."

అతను ఆమెను చూశాడు. వెనక చిన్న బిరడా తిప్పి, గీత కనీకనపడనంత మసక చేశాడు. దాలమ్మ తువ్వాలు ముడి విప్పింది. సీతారాం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు, కొడుకు పారిపోతాడేమోనని.

హరికిరణ్ లేచాడు. గోడ వైపు రెండడుగులు వేశాడు. దాలమ్మ కళ్లు మూసుకుంది. చప్పుడు వినపడక తెరిచి చూస్తే వాడు బల్ల ముందున్నాడు. ముంజేతిని అద్దానికి దగ్గరగా తెచ్చి, వెనక్కి తీసి, మళ్లీ తెచ్చాడు. చిటపట. వాచిన మొహాన్ని నెమ్మదిగా పక్కకి తిప్పి చెంప ఆనించాడు. భుజాలు కిందికి దిగాయి.

దాలమ్మ గబగబా పెరుగన్నం కలిపి తెచ్చింది. మొదటి ముద్ద పెదాల మీంచే జారిపోయింది. రెండోది మింగాడు. సీతారాం బయటికెళ్లి జీపు పంపేసి గుమ్మంలో కూలబడ్డాడు. అతని వీపు కదలడం చూసి పైడిబాబు మొహం తిప్పుకున్నాడు.

సామాను సర్దుకుంటుంటే దాలమ్మ అడిగింది. "ఎన్నాల్లుంటాది తమ్ముడా?"

"సెప్పనేనప్పా. రేపే పోవచ్చు. అది కూడా పాతదే కదా."

"పోతే?"

అతను విప్పిన పాత దిమ్మను ఆమె చేతిలో పెట్టి, దాని మీది నంబరు ఎక్కడుంటుందో, కింద కాళ్లు ఎలా పోల్చుకోవాలో ఓపిగ్గా చూపించాడు.

మర్నాడు భర్తని కొడుకు దగ్గర కూర్చోబెట్టి దాలమ్మ ఆ సందుకి వెళ్లింది. ఓ పనివాడు కొత్తగా దిగిన మానిటర్ మెడ మీదికి సుత్తి ఎత్తుతున్నాడు.

"రుకో బేటా, మత్ తోడో," అంది, ఆగు, పగలగొట్టొద్దని.

"ఇదేం చేసుకుంటావు మాయీ?" అని హిందీలో అడిగి నవ్వాడు వాడు.

దాలమ్మ కొంగులోంచి నల్లటి దిమ్మ తీసింది. గాజు పెంకులు కాలితో పక్కకి తోసి కూర్చుని, మొదటి మానిటర్ని తనవైపు తిప్పుకుంది.