ఆఖరి ముక్క తిన్న అభ్యర్థి

చర్చి కింది హాల్లో భోజనాలు ముగిశాయి. నార్త్ డకోటాలోని ఆ ఊరివాళ్లు ఓటు అడగడానికి వచ్చినవాడికి ముందు కడుపు నింపి, ఆ తరవాతే ఉతుకుతారు. శాసనసభకు నిలబడ్డ ఓరిన్ ట్వేటెన్ ట్రాక్టర్లు అమ్ముకునేవాడు కాబట్టి ఉతుకుడు అతనికి అలవాటే.

భయం మాత్రం బల్ల చివర కూర్చున్న మార్లిస్‌ది. పక్కనే కూతురు కర్స్టిన్ కూర్చుని ఉంది. పోయిన చలికాలం ఆ పిల్ల కడుపులో బిడ్డకు మెదడు ఏర్పడలేదనీ, పుట్టినా బతకదనీ తేలింది. అబార్షన్‌కు ముందు డాక్టరు, చట్టం ప్రకారం, ప్రభుత్వం రాసిచ్చిన పాఠమంతా చదివి వినిపించి, ఆలోచించుకోమని ఒక రోజు ఆపాడు. చదువుతూ ఆయనే తల దించుకున్నాడట. ఊరికి తెలిసింది బిడ్డ దక్కలేదని మాత్రమే. అసలు సంగతి మార్లిస్ వారం కిందట ఓరిన్ దగ్గర నోరు జారింది.

"ఏమయ్యా ఓరిన్," అంది ఎదుటి బల్ల దగ్గరి వెర్నా, హాలంతా వినబడేలా. "ఆడదానికి అన్నీ చెప్పాకే అబార్షన్ చెయ్యాలన్న చట్టం మంచిదని నువ్వే అన్నావు. ఇప్పుడు మారుస్తానంటున్నావట?"

"చెప్పడం మంచిదే. ఇప్పటికీ అదే అంటా. కానీ డాక్టరు తన మాటల్లో, ఆమె సంగతి ఆమెకు చెప్పాలి. బతకని బిడ్డను మోసే తల్లికీ అదే పాఠం అప్పజెప్పి, రేపు రమ్మనడమేంటి? అప్పుడు నాకిది తోచలేదు."

"ఇప్పుడు తోచేలా చేసిందెవరో? మన ఊరివాళ్లేనా?"

తలలు ఒక్కొక్కటే కర్స్టిన్ వైపు తిరగసాగాయి. ఆమె కాఫీ కప్పు కింద పెట్టేసింది.

ఓరిన్ లేచి, వెర్నా బల్లమీది పళ్లెంలో మిగిలిన ఒకే ఒక్క నిమ్మకాయ కేకు ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. మొత్తం!

ఆ ఊళ్లో ఆఖరి ముక్క ఎవరూ పూర్తిగా తీసుకోరు. సగం కోస్తారు. తరవాతివాళ్లు ఆ సగంలో సగం. చివరికి చీమకు కూడా ఆనని పొడి మిగిలితే, దానికి భక్తిగా మూత పెట్టి ఇంటికి పట్టుకుపోతారు.

"కత్తి పక్కనే ఉందే!" అంది వెర్నా, అడిగిన ప్రశ్న మరిచిపోయి.

"వాళ్ల నాన్నా ఇంతే," అందింకొకావిడ.

ఇక కర్స్టిన్ వైపు చూసే తీరిక ఎవరికుంది?

కోట్లు తగిలించే చోట మార్లిస్ ఓరిన్‌ను పట్టుకుంది. థాంక్స్ చెప్పడానికే వచ్చింది గానీ, నోటికి వచ్చింది వేరే మాట.

"వెర్నా బల్ల దగ్గర ఓట్లన్నీ పోయాయి నీకు," అంది.

"పోతే పోనీ. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి మార్లిస్! ఆ కేకు చేసిన పుణ్యాత్మురాలు ఎవరో."

"నేనే."

ఓరిన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మార్లిస్ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. కోట్ల కోసం వెనక జనం వరస కట్టినా వదల్లేదు.