కాలుతో సహా

మా అన్న ఎల్లేష్‌ను కాంటా మీద కూర్చోబెట్టాలని మా అవ్వ, కూర్చోనని మా అన్న. ఈ పోరులోనే రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరలు పదకొండు వచ్చి పోయాయి. పన్నెండోది ఇంకా పది రోజులు ఉందనగా అవ్వ మందులు మానేసింది.

కన్నతల్లిని మేము అవ్వ అనే పిలుస్తాం. పేరు పూలమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా ఇంట్లోనే ఉంటుంది. బీపీ గోళీ, షుగర్ గోళీ అరచేతిలో పెట్టి గ్లాసు అందిస్తే, గోళీలు కిటికీలోంచి పారేసి ఉత్త నీళ్లు తాగింది.

"వాడు కాంటా ఎక్కినంక ఏసుకుంట."

"గట్లయితే సస్తవ్ అవ్వా."

"సస్తే సస్త. మొక్కు చెల్లియ్యకుంట పోతే తల్లికి ఏం మొఖం సూపియ్యాలె?"

మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు బెల్లమే బంగారం. ఎవరి పేరున మొక్కితే వాళ్లను కాంటాలో కూర్చోబెట్టి, వాళ్ల బరువంత బెల్లం తూచి, తీసుకుపోయి ఆ తల్లుల గద్దెల దగ్గర పెట్టాలి. ఇప్పుడు చాలామంది ఇంట్లోనే బరువు చూసుకొని అంత బెల్లం కొనేస్తున్నారు. మా అవ్వకు అది కుదరదు. మనిషి కూర్చోవాల్సిందే.

ఇది ఎందుకింత పెద్ద గొడవైందో చెప్పాలంటే మా అన్న మిలిటరీ రోజుల నుంచి చెప్పాలి.

అన్న మిలిటరీలో లారీ నడిపేవాడు. ఏడాదికి రెండు నెలల సెలవు. వచ్చిన మూడో రోజే సుల్తాన్ బజార్‌లో తెలిసినాయన దగ్గర ట్రెక్కర్ జీపు కిరాయికి తెచ్చేవాడు. ఓనర్ పంపిన డ్రైవర్‌ను "ఇంటికి పోయి పండుకో" అని వెనక్కి పంపి తనే నడిపేవాడు. పదమూడు మందిమి ఎక్కేవాళ్లం. శ్రీశైలం, సాగర్, బాసర, ఒక ఏడాది మేడారం. శ్రీశైలం ఘాటులో వచ్చిన ప్రతి మలుపుకూ అందరూ కలిసి అంకె అరవాలి. నిద్రపోయినవాళ్లకు తర్వాతి చోట చాయ్ లేదు. అవ్వ ముందు సీటు. దారి పొడుగునా ఊళ్లో ఎవరి పొలం గట్టు ఎవరు జరిపారో చెప్పి కొడుకుకు కునుకు రాకుండా చూడడం ఆమె పని.

చుట్టాలు ఎక్కడ కలిసినా ఈ కబుర్లే. పెళ్లి పందిట్లో, దినాల దగ్గర, ఎక్కడైనా. ఫలానా మలుపులో ఎవరు వాంతి చేసుకున్నారు, ఎవరి చెప్పు కృష్ణలో పడింది. పడీ పడీ నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ కబుర్లు మేడారం దాకా వచ్చి ఆగిపోతాయి. ఆ తర్వాత ట్రెక్కర్ ఎందుకు రాలేదో ఒక్కరూ ఎత్తరు. మా అన్నను నవ్వులకు వాడుకుంటారు, పోయిన కాలి మాట వస్తే మాత్రం ముఖం తిప్పుకుంటారు.

2001 డిసెంబరులో సైన్యాన్నంతా సరిహద్దుకు పంపినప్పుడు అన్న సెలవు రద్దయింది. రెండు నెలలు ఉత్తరం లేదు. 2002 ఫిబ్రవరిలో జాతరకు అవ్వా నేనూ బస్సులో వెళ్లాం. గద్దెల దగ్గర ఆ తొక్కిసలాటలో అవ్వ నా భుజం పట్టుకొని గొంతు పగిలేలా అరిచింది.

"తల్లీ, కాలో చెయ్యో తీసుకో. నా కొడుకు పానం నాకియ్యి. వాని ఎత్తు బంగారం పెడత."

మూడు వారాలకు రాజస్థాన్‌లో అన్న లారీ కింద మందుపాతర పేలింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది.

పూణె మిలిటరీ దవాఖానకు నేనే వెళ్లాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మంచం మీద కూడా అన్న జోకులేస్తున్నాడు. ధైర్యం చెబుదామని, "అవ్వ మొక్కింది అన్నా, గందుకే పానంతోని బయటపడ్డవ్," అన్నాను. "ఏమని మొక్కింది?" అన్నాడు. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న నవ్వు ఆగిపోయింది. మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మాట ఎందుకు చెప్పానా అని ప్రతి మంగళవారం దీపం ముందు అడుగుతూనే ఉన్నాను.

అందుకే ఈసారి నేనే ఆబిడ్స్ వెళ్లాను. పెద్ద పోస్టాఫీసు దగ్గర గల్లీలో అన్నకు జిరాక్స్ షాపుంది. వదిన వనిత కౌంటర్ చూసుకుంటే అన్న మిషన్ దగ్గర నిలబడతాడు. నన్ను చూడగానే అన్నాడు:

"వచ్చినవా చెల్లె? నువ్వొచ్చినవంటే జాతర దగ్గరపడ్డట్టే. నాకు క్యాలెండర్‌తోని పనే లేదు."

"అవ్వ గోళీలు మానేసింది."

"ఎన్ని రోజులాయె?"

"మూడు."

"ఆమెకు బేరాలు బాగ అలవాటు. గప్పుడు తల్లితోని, గిప్పుడు నాతోని."

ఆధార్ కార్డు పట్టుకొని నిలబడ్డ ఒకాయన, "అన్నా, రెండు దిక్కులా కొట్టాలె," అన్నాడు.

"కొడుతున్న, జర ఆగు," అని అన్న నా వైపు తిరిగాడు. "ఎవర్నడిగి ఇచ్చిందే నా కాలు? ఆమె కొంగుల కట్టుకున్న రూపాయి బిళ్లనా, గద్దె మీద ఏసి రానీకి?"

నాకు కోపం ఆగలేదు. "నీకు కాలు పోయింది, ఔ. ఆమెకేం పోలేదా? నేనే తీసిన నేనే తీసిన అనుకుంట రోజూ ఏడుస్తది. ఆ ఏడుపు ఇనేది నేను, నువ్వు కాదు. నెలకోసారి పండ్లు పట్టుకొని వచ్చి గడపల నిలవడి పోతవ్."

"ఏడ్వనియ్యి."

"ఏడ్వనిస్త. సస్తది. గప్పుడు నీ కోపం ఎవరి మీద సూపిస్తవ్? నా మీదనా? సూపియ్యి. నీకు చెప్పింది నేనే గద. గిన్నేండ్ల సంది ఆమెను తిడుతున్నవ్ గని నన్నొక్క మాటన్నవా?"

ఆధార్ ఆయన మెల్లగా రోడ్డు మీదికి జరిగాడు. వదిన తల దించుకొని చిల్లర సర్దుతోంది. మిషన్‌లోంచి కాగితాలు వస్తూనే ఉన్నాయి. అన్న వాటిని తీసి రెండుసార్లు సరిచేశాడు.

"రేపు పదకొండు గంటలకు బేగం బజార్ వస్త," అన్నాడు. "ఆమె చెప్పినట్టల్ల ఇననని చెప్పు."

బేగం బజార్‌లో జాతర ముందు బెల్లం షాపులు పెళ్లివారి ఇళ్లలా ఉంటాయి. షాపు ముందర పెద్ద కాంటా, దాని మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ చుట్టూ జనం. మాకు ముందు ఒక లావాటి ఆయన కూర్చున్నాడు. అంకె చూసి భార్య తల కొట్టుకుంది.

"మొక్కినప్పుడు పుల్లలెక్కుంటివి. గిప్పుడు నీ ఎత్తు బెల్లం మోస్తే నా నడుము ఇరుగుతది."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. గోడకు ఆనుకొని, కళ్లు మూసుకొని ఏదో అనుకుంటోంది. అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, రెండు కాళ్లకూ పాలిష్ చేసిన బూట్లు. నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

సేటు అంకె చదవబోయాడు.

"ఆగు," అంది అవ్వ. "కాలు తియ్యిరా."

అన్న రెండు బూట్లూ కాంటాకు ఆనించి కూర్చున్నాడు.

"తల్లికి మాటిచ్చిన. ఆమె నాకెంత మల్లిచ్చిందో గంతే తూచాలె. గా కట్టెకాలు ఆమె ఇచ్చింది కాదు, సర్కారిచ్చింది. దొంగ తూకం నాకొద్దు."

"తియ్య."

"తియ్యిరా కొడుకా."

"తీస్తే నువ్వు ఇచ్చినవ్, ఆమె తీసుకున్నది అని నేను ఒప్పుకున్నట్టు." అన్న గొంతు పెరిగింది. "నా కాలు ఏ తల్లీ తీసుకోలే. మందుపాతర తీసుకున్నది. మాది పదిహేనో బండి అవ్వా. ముంగట పద్నాలుగు బండ్లు దాని మీదికెంచే పోయినయ్. గా పద్నాలుగు మంది తల్లులు నీకంటె గట్టిగ మొక్కిన్రా?"

"నీ పక్క సీట్ల పిలగాడు సచ్చిండు గద! నువ్వెట్ల బతికినవ్ మరి?"

అన్న కుర్చీ చేతులు పట్టుకొని ముందుకు వంగాడు. కాంటా ఊగింది.

"వాళ్లింటికి పోయిన్నేను. పోయి వాళ్లవ్వ కాళ్ల కాడ కూసున్న. ఆమె మొక్కలేదనుకుంటున్నవా? ఉపాసముండి మొక్కింది. నీ మాట ఇన్న తల్లి ఆమె మాట ఇనలేదా? గట్లాంటి తల్లికి నేను బెల్లం పెట్టాల్నా? నువ్వు చెప్పే తల్లికి నేను పెట్టను. గోళీలు పారేసి సస్తనంటున్నవని వచ్చిన, గంతే."

బజారు బజారంతా మమ్మల్నే చూస్తోంది. సేటు చేతులు జోడించాడు. "అమ్మా, కాలు ఒక రెండు కిలోలుంటదేమో. గా రెండు కిలోలు పక్కకు పెడతా, లొల్లి బంద్ చెయ్యిన్రి. వెనక లైనున్నది."

"నా కాలును ఎవడూ పక్కకు పెట్టద్దు!" అని అన్న వాళ్లందరి ముందూ అరిచాడు.

అవ్వ కుర్చీ వైపు అడుగేసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకు ఇద్దరి మీదా కోపంగా ఉంది. ఇన్నేళ్లు ఆ కాలును అటు ఒకరు, ఇటు ఒకరు పట్టుకు లాగుతుంటే మధ్యలో నా సంసారం, నా పూజ, నా నిద్ర అన్నీ నలిగాయి.

"అవ్వా, ఇగ సాలు," అన్నాను. "పూణెల నేను చూసిన. గా కాలు కట్టించుకొని నడక నేర్సుకునేతందుకు అన్న పండ్లు కొరుక్కుంట ఎన్నిసార్లు కింద పడ్డడో నీకు తెల్వది. గది సర్కారిచ్చింది కాదు. వాడు సంపాయించుకున్నది. వాని ఎత్తంటె గది గూడ వాని ఎత్తే. తూపిస్తే గట్లనే తూపియ్యి. లేకుంటె నడువు, ఇంటికి పోదాం. మొక్కు తప్పిన పాపం నాకు రాసిపెట్టుమను."

అన్నను ‘వాడు’ అన్నానని కూడా ఆ క్షణంలో నాకు తెలియలేదు.

అవ్వ ఆ కాలి వంక చూసింది. ఇరవై నాలుగేళ్లలో ఆమె దాన్ని తేరిపార చూడడం నేను ఎరగను. అన్న వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు అతని నడుము దగ్గరే ఆగిపోయేవి. బూటు నుంచి మోకాలి దాకా చూసింది. తర్వాత సేటుతో అంది:

"తూచు."

డెబ్బై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. సేటు బెల్లం ముద్దలు రెండు గోనె సంచుల్లో నింపించాడు. అన్న కాంటా దిగాడు. అవ్వ చెయ్యి చాపితే పట్టుకోలేదు. "గోళీలేసుకో," అని మాత్రం అని, జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయాడు. కోపంలో ఎప్పటికంటే వేగంగా నడిచాడు. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఆటో ఎక్కాం. బెల్లం సంచులు మా కాళ్ల దగ్గర. ఉస్మాన్‌గంజ్ దాటాక అవ్వ అడిగింది.

"అయితే నేనడిగింది తల్లి ఇనలేదంటడా వాడు?"

నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. మొక్కితే తల్లి వింటుందని నా పిల్లలకు చెప్పి పెంచాను. నాంపల్లి దర్గా ముందు నుంచి పోయినా ఒక్క క్షణం ఆగి దండం పెట్టుకుంటాను. ఎవరి మొక్కూ వినపడలేదని నా నోటితో ఎప్పుడూ అనలేదు. ఆ రోజు అన్నాను.

"ఇనలేదవ్వా. గంత మంది మొక్కులల్ల, గంత లొల్లిల నీ మాట ఆమెకు ఇనరాలేదు. నువ్వేం ఇయ్యలేదు. ఆమేం తీసుకోలేదు."

అవ్వ నా చేతిలోంచి చెయ్యి లాక్కుంది. కళ్లు ఎర్రగా చేసి నా వైపు తిరిగింది.

"ఇనకపోతే మరి నా కొడుకును నాకు తోలిందెవరే?"

ఆటో మొజంజాహీ మార్కెట్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బండ్ల హారన్లు. అవ్వ నా భుజం పట్టి కుదిపి మళ్లీ అడిగింది.